నాన్న జ్వరం, సుబ్బారావు గారి బిళ్ల

మైక్రోబయాలజీ పేపర్లో పది మార్కుల ప్రశ్న ఒకటి తప్పకుండా వస్తుందని మా సీనియర్లు చెప్పారు. బ్యాక్టీరియా కణం బొమ్మ గీసి, భాగాల పేర్లు, వాటి పనులు రాయాలి. మేం నమ్మాం. అదే వచ్చింది. కోలగా ఒక బొమ్మ గీశాను. చుట్టూ రెండు గీతలు, మధ్యలో ఒక చిక్కుముడి, లోపలంతా చుక్కలు, చివర ఒక తోక. కణకవచం, కణత్వచం, డీఎన్‌ఏ, రైబోసోములు, కశాభం అని బాణాలు పెట్టి, ఒక్కోదానికి రెండు లైన్లు రాసి బయటికొచ్చాను. మార్కులు బాగానే వచ్చాయి.

ఆ జవాబు నాకు నిజానికి రాదని ఇంకో పది రోజులకి తెలిసింది.

మాది చోడవరం పక్కన పల్లె. 2022 నుంచి మేం అనకాపల్లి జిల్లా వాళ్ళం, కానీ నా ఆధార్ కార్డు మీద ఇంకా విశాఖపట్నం జిల్లా అనే ఉంది. ఇంటి చుట్టూ చెరుకే. నేను సెలవులకి ఇంటికెళ్ళేసరికి కటింగ్ నడుస్తోంది. నాన్న పొద్దున్నే తోటలోకి దిగితే చీకటి పడ్డాకే ఇల్లు. అలా ఉండగా ఒకరోజు చలి, తలనొప్పి, ఒళ్ళంతా పీకుడు మొదలైంది. మామూలు జ్వరమే అనుకున్నాం. ఇంట్లో బయోటెక్నాలజీ చదివే కొడుకున్నాడు కదా, ఇంక డాక్టరెందుకు? నేనే మెడికల్ షాపుకెళ్ళి అమాక్సిసిలిన్ అడిగి తెచ్చి మూడు రోజులు వేశాను. జ్వరం దిగలేదు. ఐదో రోజుకి నాన్న మంచం మీంచి లేచి బాత్రూం దాకా నడిస్తే ఆయాసపడుతున్నారు. చోడవరంలో రక్తం చూసి, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, వెంటనే విశాఖ తీసుకెళ్ళమన్నారు.

విశాఖలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ స్కానింగులకి ముందు ఒక పని చేసింది. నాన్న చొక్కా విప్పించి చంకలు, వీపు, నడుము అంతా వెతికింది. లుంగీ ముడి వచ్చే చోట, సిగరెట్‌తో కాల్చినట్టు, చిన్న నల్లటి చెక్కు కట్టిన పుండు కనబడింది. నొప్పి లేదు, దురద లేదు. అది ఉందని నాన్నకే తెలీదు. స్క్రబ్ టైఫస్ అని చెప్పి, టెస్టు రిపోర్టు రాకముందే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టింది. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి కనబడనంత చిన్న పురుగుపిల్ల కుడితే ఒంట్లోకి చేరే బ్యాక్టీరియా అట. రెండో రోజు సాయంత్రానికి జ్వరం దిగింది. మూడో రోజు పొద్దున్న నాన్న కళ్ళు తెరిచి, చెరుకు లోడు వెళ్ళిందా లేదా అని అడిగారు. అమ్మ అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి ముందు ఏం మందు వాడారని అడిగింది. చెప్పాను. ఏం చదువుతున్నావని అడిగింది. అదీ చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. గోడే సరిగా లేని ఇంటికి గోడలు కూల్చేవాణ్ణి పంపావు, వాడొచ్చి ఏం చేస్తాడు అని మాత్రం అంది. తర్వాత, ఇప్పుడు మీ నాన్నని లేపిన ఈ బిళ్ల తాత ఎక్కడ పుట్టాడో తెలుసుకో, మన భీమవరం ఆయన చేతి కింద పుట్టాడు అంది.

ఆ భీమవరం ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. పేరు ఎనిమిదో తరగతిలోనో ఎక్కడో చదివే ఉంటాను, తెలుగు శాస్త్రవేత్త, ఒక మార్కు. హాస్పిటల్ వరండాలో ఆ వారమంతా కూర్చుని ఫోన్లో ఆయన గురించి చదివాను. చదివినకొద్దీ ఒక సంగతి అర్థమైంది. నేను పరీక్షలో గీసిన ఆ కోల బొమ్మలోని ఒక్కో భాగం దగ్గరికి ఆయన జీవితం ఏదో ఒక దారిలో వెళ్ళి తలుపు తట్టింది. అందుకే ఈ వ్యాసం.

ఫెయిలైన కుర్రాడు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రిది చిన్న ఉద్యోగం, ఆరోగ్యం అంతంత మాత్రం, ఇల్లు గడవడమే కష్టం. పదమూడేళ్ళప్పుడు ఈ కుర్రాడు చదువొదిలేసి కాశీకి పారిపోవాలని బయల్దేరాడు. యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఆలోచన. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. తల్లి మాత్రం చదువు విషయంలో పట్టు వదల్లేదు. మెట్రిక్ రెండుసార్లు పోయింది. మూడోసారి, మద్రాసు హిందూ హైస్కూలు నుంచి పాసయ్యారు.

మన కాలేజీ భాషలో చెప్పాలంటే రెండు బ్యాక్‌లాగులు. అవి ఉన్నవాళ్ళు ఈ పేరా ఇంట్లో చూపించుకోవచ్చు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక మనసు సన్యాసం మీదికి పోయింది. రామకృష్ణ మిషన్‌లో చేరిపోతానన్నారు. తల్లి ఒప్పుకోలేదు, తల్లి అనుమతి లేకుండా మిషన్ వాళ్ళూ చేర్చుకోలేదు. వైద్యం చదివితే సేవ చేసే దారి దొరుకుతుందన్నారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అది గాంధీ గారి పిలుపు వినబడుతున్న కాలం. ఈయన ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్. దాంతో మద్రాసు మెడికల్ సర్వీసులో చోటు దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే ఉద్యోగంలో చేరారు.

ఈ మధ్యలోనే ఇంకో దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బు వచ్చి అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడిపోయి మనిషి ఎండిపోతాడు. కొన్నాళ్ళకి అదే జబ్బు ఈయనకీ వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. అన్నదమ్ముల్ని తీసుకుపోయిందేమిటో, తనని వదిలేసిందెందుకో ఆయనకి తెలీదు. ఆ ప్రశ్న పట్టుకునే అమెరికా ప్రయాణమయ్యారని నాకనిపిస్తుంది.

మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు డబ్బు సాయం చేశారు. 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. భార్య శేషగిరి గారికి కొన్నేళ్ళలో వచ్చేస్తానని మాటిచ్చి వెళ్ళారు.

నీలం రంగు

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో సీటుంది గానీ స్కాలర్‌షిప్ లేదు. ఎల్ఎంఎస్ డిగ్రీతో అక్కడ డాక్టరుగా పని చేయనివ్వరు. అందుకని ఒక ఆసుపత్రిలో రాత్రి షిఫ్టు పోర్టరుగా చేరారు. రోగుల మలమూత్రాల పళ్ళేలు తీసి కడిగే పని. పగలు చదువు, రాత్రి ఆ పని. డిప్లొమా అయ్యాక అదే హార్వర్డ్‌లో బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు.

మా డిపార్ట్‌మెంట్ వాళ్ళకి ల్యాబులో ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని ఒక ప్రయోగం ఉంటుంది. శాంపిల్‌లో ఫాస్ఫరస్ ఎంతుందో తేల్చాలి. మాలిబ్డేట్ కలిపి, ఇంకో రసాయనం చుక్కలు వేస్తే ద్రవం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. 1925లో వచ్చిన ఆ పద్ధతి వందేళ్ళ తర్వాత మా రికార్డు పుస్తకాల్లోకి కూడా వచ్చింది. ఆ ప్రయోగం రాస్తున్నప్పుడు సుబ్బారావంటే ఎవరో పాఠ్యపుస్తకం రాసినాయన అనుకున్నాను. ఆయన రాత్రుళ్ళు ఆసుపత్రి పళ్ళేలు కడిగిన మనిషని ఎవరూ చెప్పలేదు.

ఆ పద్ధతిని కండరాల రసం మీద పెట్టి చూసినప్పుడు వాళ్ళకి ఒక తేడా కనబడింది. నీలం రావాల్సినంత వేగంగా రావట్లేదు. మనమైతే రీడింగ్ తప్పొచ్చిందని పక్కవాడి రికార్డు చూసి సరిచేసుకుంటాం. వాళ్ళు ఆ ఆలస్యం ఎందుకని వెతికారు. కండరంలో ఫాస్ఫరస్ ఇంకో పదార్థంతో కలిసి దాక్కుని, మెల్లమెల్లగా విడిపోతోంది. అదే ఫాస్ఫోక్రియేటిన్, 1927. కండరం కదలడానికి శక్తి ఎలా వస్తుందో నోబెల్ బహుమతి తెచ్చుకున్న సిద్ధాంతం ఒకటి అప్పటికే ఉంది. ఆ లెక్క మళ్ళీ వేసుకోవాల్సొచ్చింది. 1929లో ఏటీపీని బయటికి తీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు.

ఏటీపీ అంటే ప్రాణమున్న ప్రతి కణానికీ చేతి ఖర్చు డబ్బు లాంటిది. ఏ పని కావాలన్నా అందులోంచే ఇవ్వాలి. మన కణాల్లో దాన్ని ఎక్కువగా తయారుచేసే చోటు మైటోకాండ్రియా. బ్యాక్టీరియాకి మైటోకాండ్రియా లేదు. అది తన కణత్వచం మీదే ఆ పని కానిచ్చుకుంటుంది. నా బొమ్మలో లోపలి గీత ఉంది చూడండి, దాని పక్కన నేను రాసింది పదార్థాల రాకపోకలను నియంత్రించును అని మాత్రమే. అది బ్యాక్టీరియా పవర్‌హౌస్ కూడా అని రాయలేదు.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో ఆయన న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌కి వెళ్ళిపోయారు. అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

ఆకులోని మందు

అక్కడ మళ్ళీ ఆ పాత ప్రశ్న, స్ప్రూ. కాలేయం రసంలో రక్తహీనతని తగ్గించే ఏదో పదార్థం ఉందని అప్పటికే తెలుసు. అది చాలా కొంచెమే ఉంటుంది. ఎంతుందో కొలవడమెలా? దానికి లాక్టోబాసిల్లస్ కేసీ అనే బ్యాక్టీరియాని వాడారు. మన పెరుగు తోడుపెట్టే సూక్ష్మజీవులకి ఇది చుట్టమే. ఆ పదార్థం లేకపోతే ఇది పెరగదు. గొట్టంలో నీళ్ళు తేటగా ఉంటే పదార్థం లేనట్టు, మసకబారితే ఉన్నట్టు. అంటే బ్యాక్టీరియానే తూకంరాయిగా పెట్టుకున్నారు. ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. తోటకూరలో, పాలకూరలో ఉండేదే. 1945లో లెడర్లీ బృందం దాన్ని ల్యాబులో తయారుచేసింది. ఆ పేపర్ మీద 16 మంది పేర్లున్నాయి. సుబ్బారావు పేరు ఎక్కడో మధ్యలో ఉంటుంది.

అదే ఏడాది వైద్యులు దాన్ని రోగులకి ఇచ్చి చూశారు. స్ప్రూ రోగులు కోలుకున్నారు. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళకి వాళ్ళని బతికించగలిగే మందు తయారైంది. మా ఊళ్ళో గర్భిణులకి ఆశా వర్కరు ఇంటికి తెచ్చి ఇచ్చే ఐరన్ బిళ్లలో ఉండేది ఇదే. మా అక్కకి నేనే సబ్‌సెంటరు నుంచి ఎన్నిసార్లు తెచ్చిచ్చానో!

ఇక్కడ బ్యాక్టీరియా కణానికి సంబంధించిన మంచి మెలిక ఒకటుంది. మనం ఫోలిక్ యాసిడ్ తయారుచేసుకోలేం, తినాలి. రోగాలు తెచ్చే బ్యాక్టీరియాల్లో చాలావాటి సంగతి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. బయటి నుంచి తీసుకోలేవు, సొంతంగా వండుకోవాలి. ఆ వంటకి కావాల్సిన ఒక దినుసుని పోలి ఉంటాయి సల్ఫా మందులు. బ్యాక్టీరియా పొరపాటున సల్ఫాని పట్టుకుంటుంది, వంట ఆగిపోతుంది, కొత్త డీఎన్‌ఏ తయారవదు. మనకి ఏమీ కాదు, ఎందుకంటే ఆ వంట మన ఇంట్లో లేనే లేదు. యాంటీబయాటిక్ రహస్యమంతా ఇంతే. దానికి ఉండి మనకి లేనిది ఏదో వెతికి, అక్కడ కొట్టాలి.

ఇదే ఎత్తు క్యాన్సర్ మీద కూడా వేశారు. బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అడిగితే, ఫోలిక్ యాసిడ్‌ని పోలి ఉంటూ దాని పనిని చెడగొట్టే పదార్థాలని సుబ్బారావు గారి బృందం తయారుచేసి పంపింది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌తో రక్త క్యాన్సరు పిల్లల్లో కొందరికి కొంతకాలం పాటు జబ్బు వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్, ఇప్పటికీ వాడుతున్నారు.

ఇంకోటి కూడా చెప్పాలి. మా నాన్నమ్మకి బోదకాలు. చిన్నప్పుడు ఏడాదికోసారి హెల్త్ వాళ్ళు ఇంటికొచ్చి ఎదుట నిలబడి మింగించే ఫైలేరియా బిళ్లలు డీఈసీ. 1947లో లెడర్లీ నుంచి వచ్చిన ఆ మందు కూడా సుబ్బారావు గారి బృందానిదే. నేను వాటిని మింగినట్టు నటించి పెరట్లో ఉమ్మేసిన రోజులున్నాయి.

బంగారు రంగు బూజు

ఇప్పుడు నాన్న బిళ్ల దగ్గరికి వద్దాం.

పెన్సిలిన్ వచ్చాక అందరూ మట్టిలో కొత్త మందులు వెతకడం మొదలెట్టారు. సుబ్బారావు గారు బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడిని లెడర్లీలోకి తీసుకున్నారు. డగ్గర్‌కి అప్పటికే డెబ్బై దాటాయి, యూనివర్సిటీ నుంచి రిటైరైపోయారు. ఎక్కడెక్కడి మట్టో తెప్పించి, అందులోని సూక్ష్మజీవుల్ని ఒక్కొక్కటే పరీక్షించారు. మిస్సోరీలో ఒక గడ్డి పొలం మట్టిలోంచి బంగారు రంగులో పెరిగే స్ట్రెప్టోమైసెస్ దొరికింది. చూడ్డానికి బూజులా ఉంటుంది గానీ అదీ బ్యాక్టీరియానే. అది తయారుచేసే పదార్థానికి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది అదే. డాక్సీసైక్లిన్ ఆ వంశంలో తర్వాత, 1960లలో వాడుకలోకి వచ్చింది.

ఇది ఎక్కడ కొడుతుందో చెప్తాను. బ్యాక్టీరియా కణాన్ని మా వైపు బెల్లం వండే పాక అనుకోండి. బయటి గోడ కణకవచం. లోపల వేలకొద్దీ పెనాలు, అవే రైబోసోములు. డీఎన్‌ఏ ఇచ్చిన చీటీ చదివి ప్రోటీన్లు వండుతుంటాయి. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ గోడ కట్టనివ్వవు. గోడ లేక కణం పగిలిపోతుంది. టెట్రాసైక్లిన్లు గోడ జోలికి పోవు. తిన్నగా లోపలికెళ్ళి పెనంలోకి రసం పడకుండా అడ్డం కూర్చుంటాయి. వంట ఆగుతుంది. మన కణాల్లోనూ రైబోసోములున్నాయి, కానీ వాటి తయారీ వేరు, మందు వాటిని అంతగా పట్టుకోలేదు.

స్క్రబ్ టైఫస్ తెచ్చే ఓరియెన్షియాకి చెప్పుకోదగ్గ గోడ లేదు. పైగా అది మన కణాల లోపల దాక్కుని బతుకుతుంది. నేనిచ్చిన అమాక్సిసిలిన్‌కి అక్కడ పనే లేదు. డాక్సీసైక్లిన్ మన కణంలోకి దూరి, దాని లోపలున్న బ్యాక్టీరియాలోకి దూరి, పెనాలు ఆర్పేసింది. నా పదిమార్కుల జవాబులో కణకవచం, రైబోసోము రెండూ ఉన్నాయి. ఏ మందు దేన్ని కొడుతుందో తెలియకుండా నేను నాన్న మీద మూడు రోజులు వృథా చేశాను. దయచేసి మీరెవరూ ఇలా చేయకండి. జ్వరం ఆగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, పొలం పనులు చేసేవాళ్ళయితే ఒంటి మీద నల్ల చెక్కు ఉందేమో చూడమనండి.

ఆరియోమైసిన్ గురించి 1948 జూలైలో న్యూయార్క్‌లో శాస్త్రవేత్తల సభలో లోకానికి చెప్పారు. పెన్సిలిన్‌కి లొంగని టైఫస్ జాతి జ్వరాల మీద కూడా అది పనిచేసింది. కనుక్కున్నవాడిగా డగ్గర్ పేరే ఉంది, అది న్యాయమే కూడా. సుబ్బారావు గారు వెనకే ఉండిపోయారు. ఆ తర్వాత నెల తిరక్కుండానే, ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53. ఆయన పోయాక తోటి శాస్త్రవేత్తలు ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. మన తపాలా శాఖ 1995లో శతజయంతికి స్టాంపు వేసింది.

ఇంటికి రాని మనిషి

నాన్న డిశ్చార్జ్ అయ్యే ముందు రోజు రాత్రి ఈ కథంతా ఆయనకి చెప్పాను. ఫోన్లో స్టాంపు బొమ్మ చూపించాను. నాన్న చాలాసేపు చూసి, మరి ఆయన మళ్ళీ ఇంటికొచ్చాడా అని అడిగారు.

రాలేదని చెప్పాను. పాతికేళ్ళు అక్కడే ఉండిపోయారు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, ఇండియాకీ రాలేదు. వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, ఆయన వాణ్ణి చూడనే లేదు. తల్లిని మళ్ళీ చూడలేదు. శేషగిరి గారు ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు.

నాన్న ఇంకేమీ అనలేదు. నేను ఆ ఏడాది జీఆర్‌ఈ కోచింగ్‌లో చేరాను. ఎమ్మెస్‌కి లోన్ కావాలంటే పొలం కాగితాలు పెట్టాలని ఇంట్లో అప్పటికే మాటలు నడుస్తున్నాయి. ఆ రాత్రి ఇద్దరం అదే ఆలోచిస్తున్నామని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. సుబ్బారావు గారు వెళ్ళకపోయి ఉంటే ఆ మందులన్నీ ఆయన చేతి మీదుగా వచ్చేవా అంటే, వచ్చేవి కాదు. ఆ వెళ్ళడానికి లెక్క కట్టిందెవరంటే, శేషగిరి గారు. రెండూ నిజమే. వీటిలో దేన్ని వదిలేసి ఆయన కథ చెప్పినా అది సగమే అవుతుంది.

ఇప్పుడు నాన్న తోటలోకి నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకునే వెళ్తున్నారు. వచ్చాక వేడినీళ్ళ స్నానం, అమ్మ ఊరుకోదు. నేను అప్లికేషన్లు పెడుతున్నాను. ఎక్కడ సీటొచ్చినా, ఎప్పుడొస్తానో తేదీ చెప్పి మరీ వెళ్ళాలని నాన్న షరతు పెట్టారు. ఒప్పుకున్నాను.

— బయోటెక్నాలజీ మూడో సంవత్సరం విద్యార్థి, చోడవరం